కోతకు ముందు, కోత తర్వాత

తమిళనాడులో 464 మంది చిన్న చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక మరోసారి ఆలోచనాశక్తిని కొలిచే బొమ్మల ప్రశ్నలు ఇచ్చారు. మొదటిసారి సగటున 4.35 జవాబులు సరిపోయాయి. రెండోసారి 5.45. మధ్యలో ఎవరూ కొత్తగా బడికి వెళ్లలేదు, ఎవరి తెలివీ పెరగలేదు. మారింది ఇంట్లో డబ్బు పరిస్థితి ఒక్కటే. కోతకు ముందు వాళ్లలో 78 శాతం మంది వస్తువులు తాకట్టు పెట్టి ఉన్నారు. కోత తర్వాత అది 4 శాతానికి దిగింది. అప్పులో ఉన్నవాళ్లు 99 శాతం నుంచి 13 శాతానికి తగ్గారు.

ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షాఫిర్, జియాయింగ్ ఝావో కలిసి విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లోని 54 ఊళ్లలో చేసిన ఈ పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, వాళ్లు పోలికను కట్టిన తీరు. చెరకు మిల్లులు అందరి తోటలూ ఒకేసారి కొట్టించవు, వంతులవారీగా నెలల తరబడి కొట్టిస్తాయి. అందుకని ఒకే నెలలో ఒక రైతు కోత అయిపోయి కుదుటపడి ఉంటే, పక్క చేను రైతు ఇంకా వంతు కోసం చూస్తూ ఉంటాడు. ఎండ వల్లో పండగ వల్లో వచ్చే తేడాలను అలా పక్కకు తీసేయగలిగారు. మెదడు నిలకడను కొలిచే మరో పరీక్షలో కోతకు ముందు 146 సెకన్లు పట్టిన పని, కోత తర్వాత 131 సెకన్లలో అయింది. తప్పులు సగటున 5.93 నుంచి 5.16కు తగ్గాయి.

ఈ లెక్కలపై వాదాలున్నాయి. గణాంకాలను విడదీసిన పద్ధతిని కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. అమెరికాలో జీతం రోజుకు ముందూ వెనుకా పేదలను పరీక్షించిన 2016 నాటి అధ్యయనానికి ఇలాంటి తేడా కనబడలేదు. నెలనెలా వచ్చే జీతానికి పది రోజులు ఎదురుచూడటం, ఏడాదికోసారి వచ్చే పంట డబ్బుకు నెలలు ఎదురుచూడటం ఒకటి కాదని నా అభిప్రాయం. ఆ తేడా తెలియాలంటే ఎట్టయాపురం చుట్టుపక్కల మెట్ట చేలను చూడాలి.

మధురై నుంచి తూత్తుకుడి వెళ్లే దారిలో ఉన్న ఎట్టయాపురం, దానికి పడమట కోవిల్‌పట్టి, ఉత్తరాన సాత్తూరు మీదుగా విరుదునగర్: ఇదంతా తమిళులు 'కరిసల్' అనే నల్లరేగడి. ఎట్టయాపురం సంస్థానాన్ని ఏలినవాళ్లు తెలుగు మూలాలున్న నాయకులు. కవి సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టింది ఈ ఊళ్లోనే. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసిందీ ఇక్కడే. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ నుంచి వచ్చి ఈ నేల బతుకును తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. నాయుళ్లు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు ఇప్పటికీ చాలా ఊళ్లలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. 2011 జనగణనలో తమిళనాడు మొత్తంలో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42.34 లక్షలు, అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం.

ఇక్కడ పైరు వానను నమ్ముకుని ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే ఆధారం. మినుము, పెసర, జొన్న, మొక్కజొన్న, పత్తి, మిరప అన్నీ ఆ మూడు నెలల మాట మీదే నిలబడతాయి. కోవిల్‌పట్టిలో నూరేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండటానికి కారణం కూడా ఈ మెట్ట సేద్యమే. చెరకు రైతుకు మిల్లు ఎప్పుడో ఒకప్పుడు కొట్టిస్తుందన్న నమ్మకం ఉంది. మినుము చల్లినవాడికి అదీ లేదు. వాన ముందొచ్చినా నష్టమే, వెనకొచ్చినా నష్టమే, కోతప్పుడు వచ్చినా నష్టమే. 'కోతకు ముందు' అన్న స్థితి అతనికి ఏడాదిలో తొమ్మిది పది నెలలు.

వాతావరణం మనసు మీద ఎంత బరువు వేస్తుందో దేశం మొత్తానికి లెక్క కట్టిన పరిశోధన ఒకటుంది. టామా కార్లెటన్ 1967 నుంచి 2013 వరకు రాష్ట్రాలవారీ ఆత్మహత్యల వివరాలను, వాతావరణ వివరాలను పక్కపక్కన పెట్టి చూశారు. పైరు ఎదిగే కాలంలో ఒక్క రోజు ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైన మరో డిగ్రీ పెరిగితే దేశంలో సగటున సుమారు 70 ప్రాణాలు అదనంగా పోతున్నాయని తేలింది. పైరు లేని కాలంలో అంతే వేడి పెరిగినా ఆ ప్రభావం లేదు. వేడికి నేరుగా మనిషి కుంగిపోతే రెండు కాలాల్లోనూ ఒకేలా కనబడాలి కదా. చేను ద్వారా, అప్పు ద్వారా, ఇంటి ద్వారా ఆ వేడి మనసును చేరుతోందన్నమాట. పైరు కాలంలో ఒక సెంటీమీటరు వాన ఎక్కువ పడితే ఆత్మహత్యల రేటు దాదాపు 7 శాతం తగ్గుతుందని కూడా ఆ అధ్యయనం చెబుతుంది. ముప్పై ఏళ్లలో పెరిగిన వేడి ఖాతాలో ఆమె వేసిన ఆత్మహత్యల సంఖ్య 59,300.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఈ విషయం ఎత్తగానే అందరం భూమి ఉన్న రైతు గురించే మాట్లాడతాం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో వ్యవసాయ రంగంలో ప్రాణం తీసుకున్నవాళ్లు 11,290 మంది. వాళ్లలో సాగుదారులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. ఆ ఏడాది మొత్తం 1,70,924 మందిలో రోజుకూలీల వాటా 26.4 శాతం, అన్ని వృత్తుల్లోకీ అదే ఎక్కువ. రాష్ట్రాలవారీగా లక్ష జనాభాకు తమిళనాడు రేటు 25.9, తెలంగాణది 26.3, ఆంధ్రప్రదేశ్‌ది 16.8, దేశ సగటు 12.4. దక్షిణాది రాష్ట్రాల్లో నమోదు మెరుగ్గా ఉండటం వల్ల కొంత తేడా వచ్చి ఉండవచ్చు. అదొక్కటే కారణమని మాత్రం నేననుకోను.

పని ఇచ్చేది కూలి ఒక్కటేనా

వాన మొహం చాటేసిన ఏడు ఈ ప్రాంతాన్ని నిలబెట్టేవి అగ్గిపెట్టెలు, బాణసంచా, అచ్చు పని. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి పేర్లు దేశంలో ప్రతి వంటింటికీ చేరింది అగ్గిపెట్టె మీదే. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. 2007 నుంచి రూపాయి ఉన్న అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. పెట్టెలో పుల్లలు 36 నుంచి 50 అయ్యాయి. పద్నాలుగేళ్లు అమ్మకం ధర కదలని పరిశ్రమలో కూలి ఎంత కదిలి ఉంటుందో చెప్పక్కర్లేదు. చవక లైటర్లు వచ్చి గిరాకీ తిన్నాయి. 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో ఆపింది.

ఫ్యాక్టరీకి పని తగ్గితే ఇంట్లో ఏం జరుగుతుంది? దీనికి మానసిక శాస్త్రంలో పాత, గట్టి సమాధానం ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. వియన్నా దగ్గరి ఆ ఊరు ఒక్క నూలు మిల్లు మీద బతికేది. మిల్లు మూతపడ్డాక మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజల్ 1931-32లో అక్కడి 478 కుటుంబాలను పరిశీలించి, 1933లో పుస్తకం అచ్చు వేశారు. పని లేకపోతే తీరిక దొరుకుతుంది, చదువుకుంటారు, సంఘం పెట్టుకుంటారు అనుకున్నవాళ్ల అంచనా తలకిందులైంది. గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా, అడుగడుక్కీ ఆగుతూ నడవడాన్ని వాళ్లు గడియారం పెట్టి కొలిచారు. ఆడవాళ్ల నడక మాత్రం వేగం తగ్గలేదు. మిల్లు పని పోయినా ఇంటి పని పోలేదు మరి.

యహోడా తర్వాతి కాలంలో దీన్ని సిద్ధాంతంగా చెప్పారు. ఉద్యోగం కూలితోపాటు చెప్పకుండా మరో అయిదు ఇస్తుంది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులు, అందరితో కలిసి చేస్తున్నామన్న భావం, సంఘంలో ఒక స్థానం, ఖాళీగా కూర్చోనివ్వని అలవాటు. ఈ అయిదింటినీ పట్టుకుని అగ్గిపుల్లల షెడ్డును చూడండి. నలుగురితో కలిసి వ్యానెక్కి వెళ్లి, కబుర్లు చెప్పుకుంటూ పెట్టెలు నింపి, సాయంత్రం తిరిగొచ్చే ఆమెకు ఈ అయిదూ ఎంతో కొంత దక్కుతాయి. అదే కూలికి ఇంటి వసారాలో ఒంటరిగా డబ్బీలు అంటించే ఆమెకు క్రమం లేదు, తోడు లేదు, పనికీ ఇంటి చాకిరీకీ మధ్య గీత లేదు. చేతిలో పడే రూపాయిలు ఒకటే అయినా ఇద్దరి సాయంత్రాలూ ఒకటి కావు. కుటీర పరిశ్రమ అనగానే అది ఆడవాళ్లకు అనుకూలం అని తేల్చేసే పథకాలు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవు.

ముక్క లెక్కన కూలి తీసుకునేవాళ్ల మీద ఒడిశాలో ఒక చక్కని ప్రయోగం జరిగింది. సుప్రీత్ కౌర్, ముల్లైనాథన్, సుఆన్నా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ 408 మంది చేత విస్తరాకులు కుట్టించారు. పని గడువు, ముక్క రేటు అందరికీ సమానమే. సగంమందికి రావలసిన కూలిలో పెద్ద భాగాన్ని కొన్ని రోజులు ముందుగా ఇచ్చారు. డబ్బు ఎక్కువ ఇవ్వలేదు, ముందు ఇచ్చారంతే. వాళ్ల పని దాదాపు 7 శాతం పెరిగింది, విస్తళ్లలో తప్పులు తగ్గాయి. అందుకున్న డబ్బులో చాలావరకు వెంటనే అప్పులు తీర్చారు, ఇంటి సరుకులు కొన్నారు. తల మీది బరువు దిగితే చెయ్యి ఆడింది. వారం కూలిని పదో రోజుకు నెట్టే ప్రతి యజమానికీ ఈ 7 శాతం గురించి ఎవరైనా చెప్పాలి.

నిద్ర సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. చెన్నైలో తక్కువ ఆదాయమున్న 452 మంది నిద్రను చేతికి యంత్రం కట్టి కొలిస్తే, ఎనిమిది గంటలు పక్క మీద ఉంటున్నా నిద్రపోతున్నది సుమారు ఐదున్నర గంటలే. రాత్రికి ముప్పై సార్ల దాకా మెలకువ. వేడి, దోమలు, చప్పుడు, ఇరుకు గది, మనసులో దిగులు. వాళ్లకు పరుపులు, ఫ్యాన్లు వంటివి ఇచ్చి రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచారు. పని పెరగలేదు, మనసూ తేలికపడలేదు. అదే వాళ్లలో కొందరికి పనిచేసే చోటే ప్రశాంతమైన మూల చూపించి మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిస్తే పనీ, ఏకాగ్రతా, మనసూ మూడూ మెరుగయ్యాయి. 2021లో ఇది అచ్చయింది. అలాంటి ముక్కలు ముక్కలైన నిద్రకు నిమిషాలు కలిపి లాభం లేదని పరిశోధకుల ఊహ. నేను ఇందులో ఒక షెడ్డు పని చూస్తున్నాను: నీడ, గాలి, అరగంట. దీనికి మానసిక వైద్యుడు అక్కర్లేదు.

బాణసంచా సంగతి వేరు. అక్కడ దిగులుతోపాటు భయం కూడా ఉంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగిన పేలుడులో 38 మందికి పైగా చనిపోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చన్‌కుళంలో మరో పేలుడు కనీసం ఇరవై మందిని తీసుకెళ్లింది. ప్రతి ప్రమాదం తర్వాతా పరిహారం ప్రకటన వస్తుంది, విచారణ వస్తుంది. బతికినవాళ్ల మనసు గురించి మాట రాదు. 2004 సునామీ తర్వాత రెండు నెలలకు తమిళనాడు తీరంలోని ఒక మత్స్యకార గ్రామాన్ని పరిశీలిస్తే పెద్దవాళ్లలో 12.7 శాతం మందికి ఆఘాతం తాలూకు మానసిక రుగ్మత ఉంది, అంటే ఎనిమిది మందిలో ఒకరికి. ఆ సముద్రం మళ్లీ మర్నాడు లేచి రాలేదు. పేలిన షెడ్డు పక్క షెడ్డులోకి మాత్రం మర్నాడో ఆ మర్నాడో పనికి వెళ్లాల్సిందే.

ఇల్లు

ఇల్లు నీడ అనుకుంటాం. 2022లో దేశంలో ప్రాణం తీసుకున్న ఆడవాళ్లు 48,172 మంది అయితే వాళ్లలో 25,309 మంది గృహిణులు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వాళ్లు కణియంబాడి బ్లాకులో ఇంటింటికీ తిరిగి మరణాలకు అసలు కారణాలు ఆరా తీసి 2004లో 'లాన్సెట్'లో రాసిన లెక్క మరీ కలవరపెడుతుంది: 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ఆత్మహత్యల రేటు లక్షకు 148, మగపిల్లల్లో 58. అది 1992-2001 మధ్య కాలం. పోలీసు పుస్తకాల్లో అప్పుడు కనబడిన అంకెలు వీటి దరిదాపుల్లో లేవు. కడుపునొప్పి అని, జ్వరం అని రాయించిన మరణాల వెనక ఏముందో ఆ ఊళ్ల ఆరోగ్య కార్యకర్తలు ఓపికగా అడిగితేనే బయటపడింది. పెళ్లి మాట, చదువు మాన్పించడం, బయటికి పోనివ్వకపోవడం: ఆ వయసు పిల్ల ఇంట్లో ఇమడలేకపోవడానికి మన ఊళ్లలో ఉన్న కారణాలు పెద్దలకు తెలియనివి కావు.

పెద్దవాళ్ల వైపు చూస్తే అంకెలు చిన్నవి, నిశ్శబ్దం పెద్దది. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మాట్లాడిన జాతీయ వృద్ధాప్య అధ్యయనం 2017-18 ప్రకారం 60 దాటినవాళ్లలో 8.3 శాతం మందికి తీవ్రమైన దిగులు జబ్బు లక్షణాలున్నాయి. 'నాకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పారు' అన్నవాళ్లు 0.8 శాతం. పదిమందిలో తొమ్మిదిమంది పేరు తెలియని బరువు మోస్తున్నారు. పిల్లలు తిరుప్పూరు, కోయంబత్తూరు, చెన్నై వెళ్లిపోయిన నల్లరేగడి ఊళ్లలో వాకిట్లో కూర్చున్న అవ్వను 'ఎలా ఉన్నావ్' అంటే 'వయసైంది కదా' అంటుంది. వయసు దిగులు తేదు. ఒంటరితనం, నొప్పి, చెవుడు, చేతిలో పైసా లేకపోవడం తెస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఎంతో కొంత మందు ఉంది.

ఇదే ముసలివాళ్లకు మేలు చేసేది ఒకటి ఈ ప్రాంతపు తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం మతిమరపు జబ్బు వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో రాసింది. రెండు భాషల్లో మసలేవాళ్లకు ఆ జబ్బు ఒకే భాష వచ్చినవాళ్లకన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా అలాగే ఉంది కాబట్టి ఇది చదువు మహిమ అనడానికి లేదు. పక్షవాతం వచ్చిన 608 మందిని చూసిన 2016 నాటి అధ్యయనంలో ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా మిగిలినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం. రెండు భాషల మధ్య రోజూ మారుతూ ఉండటం మెదడుకు కసరత్తు అని పరిశోధకుల వివరణ. కారణం పూర్తిగా అదేనని తేల్చడం ఇలాంటి పోలికల వల్ల కాదు. అయినా ఎట్టయాపురం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడటానికి మొహమాటపడే కుర్రాళ్లకు నేనైతే ఈ నాలుగున్నరేళ్ల సంగతి చెబుతాను. అవ్వతో తెలుగులో మాట్లాడితే అవ్వకు తోడు, వాళ్లకు మెదడు పని.

ఎంతమంది, ఎందరు డాక్టర్లు

నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి చికిత్స అవసరమైన మానసిక సమస్య ఏదో ఒకటి ఉంది. తమిళనాడులో అది 11.8 శాతం. దేశం మొత్తంలో మహానగరాల్లో 14.7, పల్లెల్లో 6.9. పల్లె నయం అని దీన్ని చదవొచ్చు. పల్లెలో మనసు బాధ ఒళ్లు నొప్పి పేరుతో, గుండె దడ పేరుతో, గ్యాసు పేరుతో బయటికొస్తుంది కాబట్టి ప్రశ్నలకు చిక్కలేదని కూడా చదవొచ్చు. రెండో దాంట్లో కూడా నిజం చాలా ఉందని నేననుకుంటాను.

ఇప్పుడు ఈ ప్రాంతానికి లెక్క కడదాం. ఎట్టయాపురం, కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లా జనాభా 2011లో 17,50,176. విరుదునగర్ జిల్లాది 19,42,288. కలిపితే 36.9 లక్షలు. వీళ్లలో పెద్దవాళ్లు 70 శాతం అనుకుంటే సుమారు 26 లక్షలు. పల్లె రేటు వేస్తే దాదాపు 1.8 లక్షల మంది, తమిళనాడు రేటు వేస్తే 3 లక్షల మంది. దిగులు, ఆందోళన వంటి సాధారణ సమస్యల్లో వైద్యం అందనివాళ్లు దేశంలో 85 శాతమని ఆ సర్వేనే చెప్పింది. ఆ లెక్కన ఈ రెండు జిల్లాల్లో ఏ వైద్యమూ లేకుండా రోజులు వెళ్లదీస్తున్నవాళ్లు తక్కువలో తక్కువ లక్షన్నర. దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది. అదే సగటున ఇక్కడికి రావలసింది 28 మంది. ఒక్కో డాక్టరుకు 6,400 మంది. వాళ్లందరినీ నెలకోసారి చూడటం మానవమాత్రుడి పని కాదు.

వైద్యం దొరకని చోట మనుషులు ఎక్కడికి వెళతారో ఈ తీరానికి బాగా తెలుసు. పక్క జిల్లా రామనాథపురంలోని ఏర్వాడి దర్గా చుట్టూ మతి చెడినవాళ్లను ఉంచే ప్రైవేటు ఆశ్రయాలు పుట్టుకొచ్చాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉన్నవాళ్లు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది, అలాంటి ఆశ్రయాలు మూతపడ్డాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. అదే చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లను నేరస్తులుగా చూడకుండా ఆదుకోవాలంది. ఏర్వాడికి తమవాళ్లను తెచ్చిన కుటుంబాలను మూఢులని కొట్టిపారేయడం నాకు ఎప్పుడూ సమంజసంగా అనిపించలేదు. అక్కడ ఎవరో ఒకరు తలుపు తెరిచి లోపలికి రమ్మన్నారు. ఆసుపత్రి ఆ పని చేయలేదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో మొదలైంది. ఆ నాలుగింట్లో తమిళనాడులోని తిరుచ్చి ఒకటి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. ఇంత ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల మందులు జిల్లా ఆసుపత్రి దాకా వచ్చి ఆగిపోతున్నాయి. జాతీయ సర్వే ప్రకారం మానసిక రోగి ఉన్న కుటుంబానికి వైద్యానికీ, ప్రయాణానికీ నెలకు వెయ్యి నుంచి 1,500 రూపాయల ఖర్చవుతోంది. తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు 15న మొదలుపెట్టిన మహిళా హక్కు నిధి కింద మొదట్లో 1.06 కోట్ల మంది ఇల్లాళ్లకు నెలకు ఇచ్చింది వెయ్యి. నగదు సాయం మనసుకు మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు 45 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి విశ్లేషణ, చేస్తుంది, కాని కొద్దిగానే అని తేల్చింది. కొద్దిగా అయినా కోటి ఇళ్లలో అంటే ఎక్కువే. రోగి ఉన్న ఇంట్లో మాత్రం ఆ వెయ్యి వైద్యానికీ, ప్రయాణానికీ అయిపోతుంది.

అందుకే డాక్టరు దగ్గరికి మనిషిని నడిపించడం బదులు మనిషి దగ్గరికి మాటను నడిపించిన ప్రయోగాలు నాకు ఆశ కలిగిస్తున్నాయి. గోవాలో విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో ఏ పట్టా లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చింది. తీవ్రమైన దిగులుతో ఉన్న 495 మందిలో కొందరితో వాళ్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. ఆగిపోయిన పనులను ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టించడం ఆ పద్ధతి సారం. మూడు నెలలకు అలా మాట్లాడినవాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం అందుకున్నవాళ్లలో 39 శాతం. 2017 'లాన్సెట్'లో వచ్చిన లెక్క ఇది. నూటికి పాతిక మంది తేడాను తెచ్చినవాళ్లు ఆ ఊళ్ల మనుషులే.

తెలుగు నేల మీదా ఇలాంటి ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో 2014-15లో ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబ్ పట్టుకుని 5,007 మందిని అడిగి, సమస్య ఉన్నవాళ్లు 238 మంది అని గుర్తించారు. అంతకు ముందు వాళ్లలో వైద్యం తీసుకున్నది ఇద్దరు. ఆ తర్వాత తీసుకున్నది 30 మంది. శాతాల్లో 0.8 నుంచి 12.6. పదిహేను రెట్లు అని ఉత్సాహపడవచ్చు. 208 మంది ఇంకా రాలేదని కూడా అదే లెక్క చెబుతుంది. ఆశా అడగడం దగ్గర పని మొదలైంది, అంతే.

ఈ అంకెలన్నీ చూశాక నా తీర్పు ఒకటే. 'ధైర్యంగా ఉండు, మనసు గట్టి చేసుకో' అని కోతకు ముందున్న రైతుకు చెప్పడం, ఎక్కడో ఉన్న తప్పును అతని మీద మోపడమే. కూలి సకాలంలో రావాలి. షెడ్డులో గాలీ నీడా ఉండాలి. పేలుడు తర్వాత పరిహారం చెక్కుతోపాటు మాట్లాడే మనిషి కూడా ఆ ఇంటికి వెళ్లాలి. ఊళ్లోని ఆరోగ్య నర్సు బీపీ, చక్కెరతోపాటు నిద్ర ఎలా పడుతోందని అడగాలి. ఇవి పంచాయతీలు, యజమానులు, ప్రభుత్వం చేయాల్సిన పనులు. చేస్తే ఫలితం ఉంటుందని లెక్కలు చూపించాయి.

ఈలోగా మీకో, మీ ఇంట్లోవాళ్లకో, పక్కింటివాళ్లకో రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించడం లేదన్న మాట నోట వస్తే, ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, 20 భాషల్లో నచ్చినది ఎంచుకోవచ్చు. ఎట్టయాపురం నుంచి చేసినా తెలుగులో మాట్లాడవచ్చు.